పంపిన తేదీ సరే, చేరిన తేదీ ఏది?

నాకు కావాల్సిన పుస్తకం ఒకటి పదకొండేళ్లుగా బైండింగ్‌లో ఉంది. మొదటిసారి అడిగినప్పుడు ఆ లైబ్రరీ వాళ్లు పాపం రిజిస్టరు తీసి మరీ చూపించారు. పుస్తకం పేరు, యాక్సెషన్ నంబరు (కొన్నప్పుడు లైబ్రరీ వేసే వరుస సంఖ్య), పక్కన పెన్సిల్‌తో ‘బైండింగ్’ అని ఒక్క మాట. ఎవరు పంపారు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు? ఏమీ లేదు. కాగితం మీద పుస్తకం ఉంది కాబట్టి కొత్త కాపీ కొనరు. బీరువాలో లేదు కాబట్టి నాకు ఇవ్వరు.

గ్రంథాలయాల్లో పుస్తకాలు దొంగల వల్ల పోతాయని చాలామంది నమ్మకం. నేను నమ్మను. దొంగ కన్నా దారి ఎక్కువ మింగుతుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి శాఖకు, శాఖ నుంచి ఊళ్లోని పుస్తక నిక్షిప్త కేంద్రానికి, అక్కడి నుంచి వెనక్కి. ఇలా పుస్తకం చేతులు మారే చోటల్లా ఒక గొయ్యి ఉంటుంది. యూనివర్సిటీల్లో ఇంకా అన్యాయం. సెంట్రల్ లైబ్రరీ నుంచి డిపార్ట్‌మెంటుకు ఒక్క సంతకం మీద కట్టలకొద్దీ పుస్తకాలు వెళ్తాయి. ఆ సంతకం పెట్టిన ప్రొఫెసర్ రిటైరయ్యే నెలలో ‘నో డ్యూస్’ (బాకీల్లేవన్న పత్రం) టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు అందరూ కలిసి బీరువాలు గాలిస్తారు.

దీనికి మూలం యాక్సెషన్ రిజిస్టరు మీద మనకున్న మితిమీరిన భక్తి. అది జనన ధ్రువీకరణ పత్రం లాంటిది. పుస్తకం ఎప్పుడు వచ్చింది, ఎంతకు వచ్చింది, ఎవరిది అన్నంతవరకే చెబుతుంది. ఇప్పుడు ఎక్కడుందో చెప్పమంటే ఎలా చెబుతుంది?

కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. న్యూజిలాండ్‌లోని ఓ చిన్న గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000లో వాడకంలోకి వచ్చింది. మన దేశంలోనూ చాలా కాలేజీలు వాడుతున్నాయి. అందులో ప్రతి కాపీకి రెండు శాఖలు రాసి ఉంటాయి. ఒకటి అది ఏ శాఖకు చెందిందో, రెండోది ఇప్పుడు ఏ శాఖలో ఉందో. పుట్టిల్లు, అత్తిల్లు అనుకోండి. ఒక శాఖ పుస్తకాన్ని పాఠకుడు ఇంకో శాఖలో తిరిగి ఇస్తే, దాన్ని సొంత శాఖకు పంపమని స్క్రీన్ చెబుతుంది. ఆ క్షణం నుంచి అది ‘దారిలో ఉంది’. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ రోజున బయల్దేరిందో నమోదవుతుంది. అవతలి శాఖ బార్‌కోడ్ స్కాన్ చేసేదాకా ఆ మాట చెరగదు. పెట్టుకున్న గడువు దాటినా చేరని పుస్తకాలను అదే ఎత్తి చూపిస్తుంది.

‘దారిలో ఉంది’ అనే ఆ స్థితే నా దృష్టిలో అసలు విషయం. పంపినవాడు పంపేశాననుకుంటాడు, అందుకోవాల్సినవాడికి వస్తోందనే తెలియదు. మధ్యలో ఉన్న వస్తువు అప్పుడు ఎవరిదీ కాదు. అవతలివాళ్లు అందిందని చెప్పేదాకా పంపినవాళ్ల బాధ్యత తీరదని సిస్టమే గుర్తుచేస్తుంటే సగం పుస్తకాలు బతుకుతాయి. ఆర్టీసీ కార్గోలో వేసిన మామిడికాయల బుట్టకు ఉన్న పాటి రసీదు ప్రభుత్వ సొమ్ముతో కొన్న నిఘంటువుకు ఉండొద్దా?

సిబ్బందే లేరు, ఉన్న ఒక్క లైబ్రేరియన్ పేపర్లు సర్దాలా, స్కానింగ్ చేయాలా అని అడుగుతారు. ఇప్పుడు లైబ్రరీకి వచ్చేవాళ్లంతా ఉద్యోగ పరీక్షల అభ్యర్థులే, సొంత పుస్తకాలు తెచ్చుకుని కుర్చీ కోసం వస్తారని కూడా అంటారు. ఖాళీల మాట నిజమే. కానీ సొంత పుస్తకాలు ఎందుకు మోసుకొస్తున్నారో ఆలోచించారా? పక్క శాఖలో ఉన్న కాపీ తన శాఖకు వస్తుందన్న ఆశ ఏ అభ్యర్థికీ లేదు. (ఇక పుస్తకానికి అంటించిన చిప్ ట్యాగును పసిగట్టే ఆర్‌ఎఫ్‌ఐడీ గేట్ల మీద కొందరికి భలే మోజు. ఆ ట్యాగు జీపీఎస్ కాదు మహాప్రభో. రీడర్ దగ్గరకు వస్తేనే పలుకుతుంది.)

కదిలితే పోతుందన్న భయం కూడా మనకు కొత్తగా అంటుకున్నదే. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల్లో కూడా, ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి 1,000 పుస్తకాల్లో 5 పోతే సహజ నష్టంగానే తీసుకోవచ్చని ఉంది, అందులో మోసమో నిర్లక్ష్యమో లేకపోతే. అంటే చదివిస్తే కొన్ని పోతాయని ఢిల్లీకీ తెలుసు. ఇక్కడ మాత్రం జీతంలో రికవరీ పెడతారేమోనన్న బెంగతో లైబ్రేరియన్ బీరువాకు తాళం వేసుకుంటాడు. పంపిన రుజువు చేతిలో ఉంటే ఆ తాళం ఎందుకు?

ఇంత రాశాక ఇంకోటి రాయకుండా ఉండలేను. మన గ్రంథాలయాల్లో దారిలో చిక్కుకున్నది పుస్తకం ఒక్కటే కాదు, డబ్బు కూడా. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మీరూ నేనూ కడుతున్నాం. వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. అది సకాలంలో చేరడం లేదన్న మొర ప్రభుత్వాలు మారినా మారలేదు. ఇదీ అదే జబ్బు. ఒక శాఖ తీసుకుంది, ఇంకో శాఖకు అందలేదు, మధ్యలో ఉన్నంతకాలం అడిగే నాథుడు లేడు. పుస్తకం పోతే లైబ్రేరియన్‌కు మెమో ఇచ్చే వ్యవస్థ, సెస్సు ఆగితే మున్సిపల్ కమిషనర్‌కు ఏం ఇస్తోంది?

కాబట్టి ముందు ఆ లెక్క గోడ మీద పెట్టండి. ప్రతి మున్సిపాలిటీ, ప్రతి పంచాయతీ పేరు రాసి, ఎదురుగా రెండు గడులు: సెస్సు వసూలైన తేదీ, గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడిన తేదీ. రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్ల పేర్లు నెలనెలా పేపరుకెక్కాలి. నా బైండింగ్ పుస్తకం సంగతి ఆ తర్వాత అడుగుతాను.