‘కల్కి’ ఊహల్లో మహేంద్రగిరి ఊసే లేదు

‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న థియేటర్లలోకి వచ్చింది. ఫస్టాఫ్ సాగదీశారని, భైరవగా ప్రభాస్ ఎంట్రీ తేలిపోయిందని ఇంటర్వెల్‌లో విసుక్కున్నవాళ్లు కూడా బయటికొచ్చేటప్పుడు మాట మార్చేశారు. కారణం ఆఖరి ఘట్టం. అశ్వత్థామ దండం భైరవ చేతికి చిక్కడం, అది కర్ణుడి విజయ ధనుస్సని తేలడం, కురుక్షేత్రంలో రథం మీద కర్ణుడిగా ప్రభాస్ కనబడటం వెంటవెంటనే జరిగిపోయాయి. అప్పట్నుంచి కొత్త భాగం రాకపోయినా దాని కథను జనమే అల్లుతున్నారు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఇద్దరు ఫ్యాన్స్ టీ గ్లాసులు పట్టుకుని నిలబడితే చాలు, విలన్ యాస్కిన్ ఎవరు, కల్కిని కడుపులో మోస్తున్న సుమతి బతుకుతుందా, కృష్ణుడి ముఖం ఎప్పుడు చూపిస్తారు అని మొదలైపోతుంది.

ఈ ఊహల్లో చాలావాటికి ఒకటే జబ్బు. సినిమాలో కనబడ్డ ఒక్క షాట్ పట్టుకుని, దాన్ని మరో సినిమాలో విన్న భారతంతో ముడేస్తారు. మన కర్ణుడు మనకి వ్యాసుడి దగ్గర్నుంచి రాలేదు. ఊళ్లలో తెల్లవార్లూ ఆడిన పద్యనాటకాల్లోంచి, 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లోంచి వచ్చాడు. తప్పేమీ లేదు, అది మన రుచి. కానీ తర్వాతి భాగంలో ఏం జరగొచ్చో లెక్కేయాలంటే వరస తిరగెయ్యాలి. ముందు ఈ సినిమా స్వయంగా ఏం చెప్పిందో చూడాలి. ఆ తర్వాత వ్యాసభారతం, కల్కి పురాణం. ఆ తర్వాతే కవిత్రయం, నాటకాలు, పాత సినిమాలు. పై రెండు మెట్లలో ఆధారం లేని ఊహకి ఎన్ని లైకులొచ్చినా అది ఫ్యాన్ కోరిక మాత్రమే.

అంకెలతో మొదలెడదాం. సంప్రదాయ గణనలో కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైంది. దానికి 2898 కలిపితే సరిగ్గా ఆరు వేలు. టైటిల్లోని అంకె గాల్లోంచి పుట్టలేదన్నమాట. అయితే పురాణాలు కలియుగానికి ఇచ్చిన ఆయుష్షు 4,32,000 ఏళ్లు. కల్కి వచ్చేది దాని చివర్న. ఆరు వేలంటే అందులో ఒకటిన్నర శాతం కూడా కాదు. అశ్వత్థామ లెక్కా ఇంతే. సౌప్తిక పర్వంలో కృష్ణుడు పెట్టిన శాపం మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరగమని. ఆ గడువు క్రీస్తు పుట్టకముందే తీరిపోవాలి. సినిమా అతణ్ని అంతకు రెట్టింపు కాలం బతికించింది. ఏడుగురు చిరంజీవుల శ్లోకంలో మొదటి పేరు అతనిదే కాబట్టి దీన్ని సమర్థించుకోవచ్చు. కానీ కల్కిని కాపాడే బాధ్యత అతనికి అప్పగించడం మాత్రం పూర్తిగా దర్శకుడు నాగ్ అశ్విన్ కల్పన. వ్యాసుడు రాసిన ఆ శాపంలో కాపలా లేదు, విముక్తి మాట లేదు. నెత్తుటి కంపుతో, తోడెవరూ లేకుండా అడవుల్లో తిరగడమే ఉంది. పురాణంలోని పాత్రని తీసుకుని దానికి కొత్త ఉద్యోగం ఇవ్వడం ఈ దర్శకుడి పద్ధతి. ఇది గుర్తుంచుకోవాలి, కింద మళ్లీ అవసరపడుతుంది.

ఇక యాస్కిన్. అందరికంటే ఎక్కువ ప్రచారంలో ఉన్న ఊహ అతను అర్జునుడి పునర్జన్మ అని. ఆధారంగా చూపేది ఒక్కటే, సీరం చుక్క ఎక్కాక అతను గాండీవం ఎత్తడం. భైరవ కర్ణుడైతే ఎదుటివాడు అర్జునుడే అయ్యుండాలన్న తూకం కూడా ఇందులో ఉంది. వినడానికి బాగుంది. భారతం తెరిస్తే నిలవదు.

గాండీవం వరుణుడి సొత్తు. మహాప్రస్థానిక పర్వంలో పాండవులు తూర్పుగా నడిచి లౌహిత్య జలాల దగ్గరికి చేరినప్పుడు అగ్ని అడ్డొచ్చి ఆ విల్లు తిరిగిచ్చెయ్యమంటాడు. అర్జునుడు దాన్ని, అమ్ములపొదుల్ని నీళ్లలో వదిలేస్తాడు. అంటే యాస్కిన్ దగ్గరున్నది వారసత్వంగా వచ్చింది కాదు, ఎవరో నీళ్లలోంచి తీసిందై ఉండాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి మౌసల పర్వంలో ఉంది. కృష్ణుడు వెళ్లిపోయాక ద్వారక స్త్రీలని వెంటబెట్టుకుని వస్తున్న అర్జునుడి మీద ఆభీరులు దాడి చేస్తారు. దుడ్డుకర్రలు పట్టుకున్న దొంగలు వాళ్లు. అదే అర్జునుడు, అదే గాండీవం. విల్లు ఎక్కుపెట్టడానికే నానా అవస్థపడ్డాడు. అస్త్రాలు గుర్తుకు రాలేదు, తరగని పొదుల్లో బాణాలు అయిపోయాయి. గాండీవం పనిచేసేది అర్జునుడి చేతి వల్ల కాదు, పక్కన విష్ణువు ఉండటం వల్ల అని వ్యాసుడు అక్కడ తేల్చేశాడు.

ఈ వెలుగులో క్లైమాక్స్ మళ్లీ చూడండి. యాస్కిన్‌కి ఎక్కింది సుమతి గర్భం నుంచి వచ్చిన చుక్క. ఆ కడుపులో ఉన్నది విష్ణువు. ఆ చుక్క పడ్డాకే యాస్కిన్ ఒళ్లు మారింది, విల్లు లేచింది. అంటే అతను ఏ జన్మలో ఎవరన్నది అనవసరం. విష్ణు అంశ ఎవరి ఒంట్లో చేరితే వాళ్లకి గాండీవం లొంగుతుంది. ప్రతినాయకుడు శ్రీశ్రీ రథచక్రాల కవిత్వం వల్లించడం చూసి ‘వీడు చెడ్డవాడేనా?’ అని తికమకపడ్డవాళ్లకి కూడా జవాబు ఇందులోనే దొరుకుతుంది. అతని శక్తి మొత్తం అరువు. తర్వాతి చుక్క దొరక్కపోతే ఆభీరుల ముందు అర్జునుడికి పట్టిన గతే అతనికీ పడుతుంది. తర్వాతి భాగంలో వేట అంతా బిడ్డ కోసం కాకుండా చుక్క కోసమే సాగితే ఆశ్చర్యం లేదు.

కర్ణుడు-అశ్వత్థామల స్నేహం గురించి కూడా ఒక మాట. కర్ణుడు ‘ఆచార్యపుత్రా’ అని పిలిచిన ఆ తీరు చూసి ఇద్దరూ ప్రాణమిత్రులని తీర్మానించేశారు. ద్రోణపర్వంలో పద్నాలుగో రోజు రాత్రి యుద్ధంలో కర్ణుడు కృపాచార్యుణ్ని అవమానిస్తే, మేనమామని అన్నందుకు అశ్వత్థామ కత్తి దూసి కర్ణుడి మీదికి వెళ్లాడు. దుర్యోధనుడు అడ్డుపడకపోతే అక్కడే తేలిపోయేది. మర్నాడు ద్రోణుడు పడిపోయాక సేనాపతిగా కర్ణుడి పేరు చెప్పింది మళ్లీ ఈ అశ్వత్థామే. గొడవ, గౌరవం రెండూ ఉన్న బంధం అది. సుమతి తలదాచుకున్న శంబాలలో భైరవ, అశ్వత్థామ కలబడి కొట్టుకోవడం దానికి సరిగ్గా అతుకుతుంది. ఇకముందు ఇద్దరూ భుజం భుజం కలిపి తిరుగుతారనుకునేవాళ్లు కొంచెం ఆగితే మంచిది. పైగా భైరవ సినిమా చివర్లో చేసిన పని సుమతిని ఎత్తుకుపోవడం. గతం ఒక్క క్షణం మెరిసింది తప్ప గుర్తుండిపోలేదు.

కవచకుండలాలు తిరిగొస్తాయన్న ఊహకి మా శ్రీకాకుళం జిల్లాలో గిరాకీ కాస్త ఎక్కువే. అరసవల్లి పక్కనే ఉందాయె. ఏటా మార్చిలో, అక్టోబరులో రెండేసి మూడేసి రోజులు పొద్దుటి ఎండ గర్భగుడిలో స్వామి పాదాల మీద పడుతుంది. సూర్యుడి కొడుకు కథకి ఇంతకంటే పెద్ద సెట్టు ఎవరెయ్యగలరు! కవచం అడిగి పట్టుకుపోయింది ఇంద్రుడు. అరసవల్లి స్థలపురాణంలో మాత్రం ఆ ఇంద్రుడే నంది చేతిలో దెబ్బలు తిని, సూర్యుణ్ని ప్రతిష్ఠించి కొలిచాక కోలుకున్నాడు, పుష్కరిణికి ఇప్పటికీ అతని పేరే. రెండూ కలిపి చూస్తే ఇంద్రుడు బాకీ తీర్చే సీను రాసుకోవచ్చు, ముచ్చటగానూ ఉంటుంది. కానీ సినిమాలో ఇంద్రుడి జాడ లేదు, భారతంలో కవచం వెనక్కి వచ్చిన ఘట్టం లేదు. కవచానికి బదులుగా కర్ణుడు తీసుకున్న శక్తి ఆయుధం కూడా ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. కాబట్టి దీన్ని పక్కన పెట్టక తప్పదు.

కృష్ణుడి ముఖం సంగతి ఇంకా తేలిక. ఏ హీరో వేస్తాడన్నది కాల్షీట్ల వ్యవహారం, కథకి సంబంధించిన ఊహ కాదు. ముఖం లేకుండానే ఆ పాత్ర నిలబడింది. శ్రీకూర్మంలో తాబేటి రూపానికి మొక్కి వచ్చే జనానికి అవతారమంటే అందమైన ముఖమే ఉండాలన్న పట్టింపు ఎప్పుడూ లేదు. సుమతి విషయంలో మాత్రం సమస్య కథలోంచి పుట్టలేదు. సుమతిగా చేసిన దీపికా పదుకోన్ సీక్వెల్లో ఉండరని నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ 2025 సెప్టెంబరు 18న ప్రకటించింది. ఆ రోజు నుంచే ‘ప్రసవంలో సుమతి చనిపోతుంది’ అన్న ఊహ ఊపందుకుంది. కల్కి పురాణంలో అలాంటిదేమీ లేదు. అక్కడ సుమతి, విష్ణుయశుల ఇంట కల్కి నాలుగో కొడుకు, పైన ముగ్గురు అన్నలు. సినిమా తండ్రినీ అన్నల్నీ ఎత్తేసి తల్లిని ప్రయోగశాలలో పెట్టింది. అందుకని పురాణం ఇక్కడ సాక్ష్యానికి పనికిరాదు. వేరే నటిని తెస్తారో, కథని ముందుకి దూకిస్తారో అది ప్రొడక్షన్ ఆఫీసు తేల్చాల్సిన విషయం.

భైరవ నడిపే మాటలాడే కారు బుజ్జి గురించి ఒక ముక్క. అది కల్కి గుర్రం దేవదత్తానికి కొత్త రూపమని చాలామంది అన్నారు. సగం సరిపోయింది. పురాణంలో శివుడు కల్కికి ఇచ్చేవి గుర్రం, కత్తి మాత్రమే కాదు, అన్నీ తెలిసి మాట్లాడే చిలక కూడా ఉంది. యజమానిని వెక్కిరిస్తూ దారి చెప్పే బుజ్జి గుర్రం కంటే చిలకకే దగ్గర. ఆ రెండూ చివరికి కల్కివే కాబట్టి, బుజ్జి భైరవ చేతిలోంచి ఆ బిడ్డకి దక్కే రోజు ఒకటి ఉండొచ్చు.

ఇంతమంది ఇన్ని అల్లారు గానీ, సిక్కోలు కుర్రాళ్లు కూడా పట్టించుకోని పేరు ఒకటుంది. పరశురాముడు. మందస వైపు వెళ్తే ఉత్తరాన కనబడే మహేంద్రగిరి ఆయన ఉండే చోటని నమ్మకం. శిఖరం ఒడిశా గజపతి జిల్లాలోకి వస్తుంది, ఎత్తు 1501 మీటర్లు. అక్కడ పుట్టిన మహేంద్రతనయ మన బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ మీద కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాతకాలపు రాతి గుడులున్నాయి. ఇది ఊరి అభిమానంతో అంటున్న మాట కాదు. అరణ్యపర్వంలో ధర్మరాజు కళింగంలో వైతరణి దాటి మహేంద్రానికి వచ్చి, పరశురాముడు అష్టమి, చతుర్దశి నాడు మాత్రమే కనబడతాడని విని ఆగి, చూసి వెళ్తాడు.

ఇప్పుడు సినిమాలోని మనుషుల్ని ఆ కొండ చుట్టూ నిలబెట్టండి. అశ్వత్థామ తండ్రి ద్రోణుడు అస్త్రాలు అడిగి తెచ్చుకుంది మహేంద్రంలో. కర్ణుడు బ్రాహ్మణుణ్నని అబద్ధమాడి విద్య నేర్చింది మహేంద్రంలో. అతనికి విజయ ధనుస్సు ఇచ్చింది పరశురాముడే అని కర్ణపర్వంలో కర్ణుడే చెబుతాడు. ఇక కల్కి పురాణంలో పుట్టబోయే బిడ్డకి ఉపనయనం అయ్యాక వేదం, ధనుర్వేదం నేర్పేదెవరు? మళ్లీ అదే మహేంద్రగిరి మీది అదే పరశురాముడు. చిరంజీవుల శ్లోకంలో అశ్వత్థామతో పాటు ఆయన పేరూ ఉంది. కర్ణుణ్నీ కల్కినీ ఒకే కథలోకి తేవడానికి పురాణాల్లో ఉన్న ఒకే ఒక్క దారి ఈయన. భైరవ చేతిలో మెరిసిన విల్లు ఆ దారికి మొదటి గుర్తు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. అశ్వత్థామకి కాపలా పని ఇచ్చిన దర్శకుడు గురువు పని కూడా అతనికే ఇచ్చెయ్యొచ్చు. అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ అంతటి నటుడు చేతిలో ఉండగా మరో వృద్ధ యోధుణ్ని తేవడం దండగ అని లెక్కేసినా వేస్తారు. తొలి భాగంలో గొడ్డలి కనబడలేదు, మహేంద్రం పేరు వినబడలేదు.

అయినా పరశురాముణ్ని పూర్తిగా తప్పించడం కష్టం, ఎందుకంటే ఆయన శాపం ఆ విల్లుతో పాటే వస్తుంది. నిద్రలో ఉన్న గురువుని లేపకూడదని తొడని పురుగు తొలుస్తున్నా కదలని శిష్యుడు క్షత్రియుడై ఉంటాడని అనుమానించి, చావు ముంచుకొచ్చిన వేళ బ్రహ్మాస్త్రం గుర్తుకు రాకుండా పోవాలని శపించాడు. కురుక్షేత్రంలో పదిహేడో రోజు అదే జరిగింది. భైరవ నిజంగా కర్ణుడే అయితే గాండీవం పట్టిన యాస్కిన్ ఎదురుగా నిలబడ్డ క్షణాన అతని చేతిలో విజయ ధనుస్సు మళ్లీ ఉత్త దండమైపోవాలి. అలా జరిగి, దాన్ని మళ్లీ విల్లుగా మార్చడానికి అశ్వత్థామ చాలక ఇంకొకరి దగ్గరికి పోవాల్సి వస్తే దారి మహేంద్రగిరికే. శాపం ఊసెత్తకుండా మొదటి దెబ్బకే విల్లు పనిచేసేస్తే, ఈ కథలో కర్ణుడు ఫ్యాన్స్ కోసం వేసిన గెటప్ మాత్రమే అనుకోవచ్చు.