స్టేడియానికి డబ్బు ఇవ్వకపోతే జట్టు పక్క నగరానికి పోతుందా?

అమెరికాలో అగ్రశ్రేణి సాకర్ (ఫుట్‌బాల్) లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్‌లో ఒక జట్టు కోసం పోటీ పడే నగరాల గురించిన ఒక సందేశాన్ని మిత్రులు కొన్ని వారాలుగా ఒకరి తరువాత ఒకరు నాకు పంపుతూనే ఉన్నారు. దాని సారాంశం ఇది: లీగ్‌లో కొత్త జట్టుకు మిగిలిన చోటు ఒక్కటే కనుక ఆలోచిస్తూ కూర్చునే వ్యవధి లేదు, స్టేడియానికి ప్రజాధనం ఇచ్చిన నగరానికే జట్టు దక్కుతుంది, బేరమాడిన నగరం చేజార్చుకుంటుంది, పెట్టిన డబ్బు ఉద్యోగాల రూపంలో, పన్నుల రూపంలో రెండింతలై తిరిగి వస్తుంది, లీగ్‌లో చేరడానికి కొత్త జట్టు కట్టే ప్రవేశ రుసుము 50 కోట్ల డాలర్లకు చేరడమే ఆ లాభానికి సాక్ష్యం, ఒకసారి వచ్చిన జట్టు ఎప్పటికీ ఆ ఊరిదే. మొదటి రెండుసార్లు మర్యాద కొద్దీ ఊరుకున్నాను. సాకర్‌ను నాకంటే ఎక్కువగా ప్రేమించేవారు కూడా దీన్ని నమ్మి పంపుతుంటే ఇక జవాబు చెప్పక తప్పదనిపించింది.

ముందు రుసుము సంగతి, ఎందుకంటే దానికి రెండు మాటలు చాలు. ఆ డబ్బు నగరానికి రాదు. కొత్త యజమాని దాన్ని లీగ్‌కు, అంటే అప్పటికే జట్లున్న యజమానులకు చెల్లిస్తాడు. 2007లో ఆట మొదలుపెట్టిన టొరంటో జట్టుకు కోటి డాలర్లుగా ఉన్న రుసుము షార్లెట్‌కు 32.5 కోట్లు, శాన్ డియేగోకు 50 కోట్లు అయిందంటే, చోటు కోసం ఎగబడే నగరాలు ఎన్ని ఎక్కువైతే ఆ యజమానులకు అంత లాభమని అర్థం.

‘ఒక్కటే చోటు’ అన్నది కూడా నిలిచే మాట కాదు. 1996లో 10 జట్లతో మొదలైన లీగ్ 24 జట్ల లక్ష్యం పెట్టుకుంది, తరువాత దాన్ని 28 చేసింది, ఆ తరువాత 30 చేసింది. 2025లో శాన్ డియేగో రాకతో ఆ 30 కూడా నిండింది. గీత గీసేదీ, దాన్ని జరిపేదీ లీగే అయినప్పుడు ఆ గీతను చూసి నగరాలు హడావిడి పడవలసిన అవసరమేముంది?

బేరమాడితే జట్టు పోతుందన్న మాటకు చరిత్రే నేరుగా జవాబు చెబుతుంది. 2017 జనవరిలో 12 నగరాలు దరఖాస్తులు పెట్టుకున్నాయి. వాటిలో ఒకటైన సెయింట్ లూయిస్‌లో ఆ ఏప్రిల్‌లో జరిగిన ఓటింగులో స్టేడియానికి 6 కోట్ల డాలర్లు ఇచ్చే ప్రతిపాదనను ప్రజలు తిరస్కరించారు. ఊరు అవకాశాన్ని కాలదన్నుకుందని అప్పుడు ఎందరో వాపోయారు. రెండేళ్ళు తిరిగేసరికి, 2019 ఆగస్టులో, ఆ ఊరి వ్యాపార కుటుంబమైన టేలర్ కుటుంబం ముందుకు రావడంతో లీగ్ అదే నగరానికి జట్టును ఇచ్చింది. నగరం కొన్ని పన్ను రాయితీలు ఇచ్చిన మాట నిజమే కాని, స్టేడియం చాలావరకు యజమానుల సొంత డబ్బుతోనే లేచింది. శాన్ డియేగోలో 2018 నవంబరులో పాత స్టేడియం స్థలాన్ని సాకర్ జట్టు పేరుతో ప్రైవేటు డెవలపర్ల చేతికిచ్చే ప్రతిపాదనను ఓటర్లు కాదన్నారు. ఆ స్థలాన్ని విశ్వవిద్యాలయం కొని స్టేడియం కట్టుకుంది. జట్టు వచ్చి అక్కడే ఆడుతోంది. నాష్‌విల్ సంగతి ఇంకా స్పష్టం. జట్టు ఖాయమైపోయిన తరువాత కొత్త మేయర్ జాన్ కూపర్ ఒప్పందాన్ని తిరగతోడి, నగరం మోయవలసిన ఖర్చులో ఒక భాగాన్ని 2020లో యజమానుల మీదికి మళ్ళించాడు. జట్టు ఎక్కడికీ పోలేదు.

అన్నిటికీ తల ఊపిన నగరం ఏమైందో కూడా చూడాలి. శాక్రమెంటోకు 2019 అక్టోబరులో జట్టు ప్రకటించారు. నగరం రాయితీల ఒప్పందానికి ఒప్పుకుంది, అభిమానులు ఏళ్ళ తరబడి స్టాండ్లు నింపారు. 2021 ఫిబ్రవరిలో ప్రధాన పెట్టుబడిదారు రాన్ బర్కిల్ తప్పుకోగానే అంతా ఆగిపోయింది. ఆ మరుసటి సంవత్సరమే దిగువ లీగ్‌లో ఉన్న ఆ ఊరి జట్టు మేజర్ లీగ్ జట్లను ఓడించి, అన్ని స్థాయుల జట్లూ ఆడే యూఎస్ ఓపెన్ కప్‌లో ఫైనల్ చేరిందన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. దిగువ లీగ్‌లో గెలిచి పైకి ఎక్కే మెట్లు ఈ లీగ్‌లో లేవు. యజమానిని బట్టి, లీగ్ నిర్ణయాన్ని బట్టి చోటు వస్తుంది. అలాంటి చోట ఓటర్ల పిసినారితనం వల్ల జట్టు పోయిందనడం అన్యాయం.

ఇక నా ఓపికను పూర్తిగా హరించిన మాటకు వస్తాను: పెట్టిన డబ్బు రెండింతలై తిరిగి వస్తుందట. మిగిలినవి తప్పులు, ఇది హాని. లీగ్ సీజన్‌లో ఒక జట్టు సొంత మైదానంలో ఆడేది 17 మ్యాచ్‌లు. కప్పు పోటీలనూ కచేరీలనూ కలిపినా సంవత్సరంలో ఎక్కువ రోజులు ఆ స్టేడియం తాళం వేసే ఉంటుంది. మ్యాచ్ రోజున టికెట్లు అమ్మేవారికీ తినుబండారాలు అందించేవారికీ దొరికేది ఆ పూట పని. దాన్ని ‘వేల ఉద్యోగాలు’ అని రాయడానికి చేతులెలా వచ్చాయి? మ్యాచ్‌కు వచ్చిన కుటుంబం ఖర్చు పెట్టేది కూడా చాలావరకు అదే ఊళ్ళో సినిమాకో భోజనానికో ఎలాగూ పెట్టే డబ్బే. ఒక వీధి గల్లాలో పడవలసినది మరో వీధి గల్లాలో పడుతుంది, ఊరి మొత్తం ఆదాయం అంతే ఉంటుంది. స్టేడియం రాయితీల గురించి ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే, వారిలో ఇంత ఏకాభిప్రాయం ఉన్న విషయాలు తక్కువ.

ఈ సందేశం రాసినవారు చికాగో పక్కనున్న బ్రిడ్జ్‌వ్యూ పేరు విన్నారా? జనాభా 20 వేలు కూడా లేని ఆ ఊరు అప్పు చేసి 20 వేల మంది పట్టే స్టేడియం కట్టింది, 2006లో చికాగో ఫైర్ జట్టు అక్కడికి వచ్చింది. చుట్టూ హోటళ్ళు, దుకాణాలు వెలుస్తాయని అప్పుడూ ఇవే మాటలు చెప్పారు. అవి వెలవలేదు. ఊరి అప్పు 20 కోట్ల డాలర్లు దాటింది, ఇంటి పన్నులు పెరిగాయి. 2019 సీజన్ తరువాత జట్టు 6.55 కోట్ల డాలర్లకు లీజు తెంచుకుని చికాగో నగరంలోని సోల్జర్ ఫీల్డ్‌కు వెళ్ళిపోయింది. ఆ పరిహారాన్ని కూడా ఒక్కసారిగా కాక ఏళ్ళ మీద చెల్లించేలా ఒప్పందం కుదిరింది. స్టేడియం, దాని అప్పు ఆ ఊరికి మిగిలాయి. అదే జట్టు యజమాని జో మాన్సుయేటో 65 కోట్ల డాలర్ల అంచనాతో, పూర్తిగా ప్రైవేటు డబ్బుతో, చికాగోలో కొత్త స్టేడియం కడతానని 2025లో ప్రకటించాడు. యజమానులు తలుచుకుంటే సొంత డబ్బుతో కట్టగలరు. బ్రిడ్జ్‌వ్యూలో ఇంటి పన్ను కడుతున్న ఒక వృద్ధురాలికి ‘మీ డబ్బు రెండింతలై వస్తుంది’ అని ఈ సందేశం పంపగలరా?

నేను ఒప్పుకోవలసినది ఒకటుంది, మనస్ఫూర్తిగానే ఒప్పుకుంటాను. జట్టు రావడం వల్ల ఊరికి కలిగే సంతోషం భ్రమ కాదు. సెయింట్ లూయిస్ మొదటి సీజన్‌లోనే లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లో అగ్రస్థానంలో నిలిచినప్పుడు ఆ నగరంలో కనిపించిన ఉత్సాహాన్ని ఏ లెక్కల పుస్తకమూ పట్టుకోలేదు. పార్కుకూ గ్రంథాలయానికీ లాభం చూసుకోకుండా డబ్బు పెట్టే ఊరు, అసలు ఖర్చెంతో తెలుసుకుని, సంతోషం కోసమే స్టేడియానికి కూడా పెడతానని ఓటు వేస్తే నాకు అభ్యంతరం లేదు. కొన్నాళ్ళ క్రితం వరకూ నేను ఇంతమాత్రం కూడా ఒప్పుకునేవాణ్ణి కాదు. లాభమని చెప్పి ఓటు అడగడమే తప్పు.

చివరిది, వచ్చిన జట్టు ఎప్పటికీ ఊరిదేనన్నది. శాన్ హోసే జట్టు 2005 సీజన్ తరువాత హ్యూస్టన్‌కు తరలిపోయి, అక్కడ వరుసగా రెండేళ్ళు లీగ్ విజేత కప్పు గెలిచింది. 2001లో లీగ్ దశలో అందరికంటే ముందు నిలిచిన మయామి ఫ్యూజన్‌ను ఆ సీజన్ ముగియగానే మూసేశారు. లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్న కొలంబస్ క్రూను ఆస్టిన్‌కు తీసుకుపోతానని దాని యజమాని 2017లో అన్నాడు. జట్టు తరలిపోయే ముందు స్థానికులకు కొనుక్కునే అవకాశం ఇవ్వాలని చెప్పే ఒహాయో చట్టం పట్టుకుని రాష్ట్రమూ నగరమూ కోర్టుకెక్కాయి, అభిమానులు ఏడాదికి పైగా పోరాడారు, చివరికి కొత్త యజమానులు దొరికారు. ఆ జట్టు 2020లోనూ 2023లోనూ కప్పు గెలిచింది, అదీ కొలంబస్ పేరుతోనే.