పాస్ కూడా టికెట్టేనా?

(రాయదుర్గం నుంచి అమీర్‌పేట వైపు వెళ్తున్న మెట్రో. అక్కాతమ్ముళ్లిద్దరూ సాఫ్ట్‌వేర్‌లోనే. బస్సు టికెట్ల యాప్ కోసం తమ్ముడు జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్ మీద వాదన. అందులో క్లాస్ అంటే ఒక రకం వస్తువుకు నమూనా, మెథడ్ అంటే అది చేసే పని. సబ్‌క్లాస్ తన పై క్లాస్ (బేస్ క్లాస్) నుంచి అన్నీ వారసత్వంగా తీసుకుంటుంది; దాన్నే ఇన్హెరిటెన్స్ అంటారు.)

తమ్ముడు: పాస్ కూడా టికెట్టే కదక్కా. తేదీ ఉంటుంది, క్యూఆర్ కోడ్ ఉంటుంది, బస్సెక్కనిస్తుంది. అందుకే టికెట్ క్లాస్‌కి సబ్‌క్లాస్‌గా పెట్టాను. అంత కోడ్ మళ్లీ రాసే పని తప్పింది.

అక్క: టికెట్‌లో రద్దు చేసే మెథడ్ ఉందిగా, పాస్‌లో దాన్నేం చేశావు?

తమ్ముడు: పాస్ రద్దు కాదు. పిలిస్తే ఎక్సెప్షన్, అంటే ‘ఇది కుదరదు’ అనే ఎర్రర్, వస్తుంది.

అక్క: చిక్కంతా అక్కడే ఉందిరా. బస్సు రాకపోతే ఆ సర్వీసు టికెట్లన్నీ వరసగా రద్దు చేసే కోడ్ ఇంకెవరో రాస్తారు. పాస్ అనేది ఒకటుందని వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మధ్యలో నీ పాస్ తగిలి మొత్తం ఆగిపోతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లోనే చెప్పింది: బేస్ క్లాస్ ఉన్నచోట సబ్‌క్లాస్‌ను పెట్టినా ప్రోగ్రాం నడక మారకూడదని.

తమ్ముడు: జావా చేసినవాళ్లే పాటించలేదు కదా! స్టాక్‌ను వెక్టర్ అనే జాబితా క్లాస్‌కి సబ్‌క్లాస్‌గా తీశారు.

అక్క: తీసి ఏమైంది? స్టాక్ అంటే పళ్లేల దొంతర. పెట్టినా తీసినా పైనుంచే. వెక్టర్ మెథడ్లన్నీ వచ్చేశాయి కాబట్టి ఇప్పుడు మధ్యలో ఏదైనా దూర్చొచ్చు, ఏదైనా లాగేయొచ్చు. జావా డాక్యుమెంటేషనే ఇప్పుడు స్టాక్ బదులు డెక్ అనే ఇంకో రకం వైపు చూడమంటోంది. కానీ పాతదాన్ని మార్చలేరు, దాని మీద ఎంతోమంది కోడ్ రాసుకున్నారు.

తమ్ముడు: మరి కాంపోజిషన్, అంటే సబ్‌క్లాస్ చేయకుండా ఒకదాన్ని ఇంకోదాని లోపల పెట్టుకోవడం, ఊరికే వస్తుందా? టికెట్‌ను లోపల పెట్టుకుని ఒక్కో మెథడ్‌నీ అటు పంపించాలి. ఇరవై ఉంటే ఇరవై రాయాలి. ఒకటి మర్చిపోతే అదీ బగ్గే!

అక్క: ఆ విసుగు నిజమే, కాదనను. కానీ మర్చిపోయిన మెథడ్ కనబడుతుంది, సబ్‌క్లాస్‌లో తప్పు దాక్కుంటుంది. మా టీమ్‌లో ఒకసారి బుకింగ్ క్లాస్‌కి సబ్‌క్లాస్ రాసి, సింగిల్ బుకింగ్‌లోనూ గ్రూప్ బుకింగ్‌లోనూ సీట్ల లెక్క పెంచారు. నలుగురికి బుక్ చేస్తే ఎనిమిది చూపించింది. బేస్ క్లాస్‌లో గ్రూప్ బుకింగ్ ఒక్కొక్కరికీ సింగిల్ బుకింగ్‌నే పిలుస్తుందని బయటి నుంచి తెలియదు. ఆ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

తమ్ముడు: అయితే గో భాషలోలాగా ఇన్హెరిటెన్సే వద్దంటావా?

అక్క: వద్దనలేదు. నీ ఎక్సెప్షన్లనే చూడు. ‘గడువు దాటిన టికెట్’ అనేది ‘చెల్లని టికెట్’లో ఒక రకం. ఏది వచ్చినా పట్టుకునేవాడి పని చెడదు. అక్కడ బాగా కుదిరింది.

తమ్ముడు: సీనియర్ సిటిజన్ టికెట్ సంగతి? రద్దవుతుంది, ఛార్జీ ఒక్కటే తేడా.

అక్క: మూడు రాయితీలు, మూడు రకాల బస్సులు అయితే తొమ్మిది క్లాసులు రాస్తావా? ఛార్జీ లెక్కను వేరే ఆబ్జెక్ట్ చేసి టికెట్‌కు ఇవ్వు.

తమ్ముడు: ఇప్పుడున్నవి రెండు రాయితీలేనక్కా. ఇంకా రాని అవసరానికి ఇప్పుడే అంత కట్టడం నేనొప్పుకోను. రెండు సబ్‌క్లాసులుంటే కొత్తగా చదివేవాడికి చటుక్కున అర్థమవుతుంది.

అక్క: సరే, అది ఉంచు. మూడోది వచ్చిన రోజు మారుద్దువు. పాస్‌ను మాత్రం ఈ రాత్రే విడదీయి.

తమ్ముడు: ‘చెల్లుతుందా’ అనే ఒక్క మెథడ్ ఉండాలని మాత్రమే చెప్పే ఇంటర్‌ఫేస్ పెడతాను. టికెట్, పాస్ రెండూ దాన్ని అమలు చేస్తాయి. రద్దు టికెట్‌లోనే ఉంటుంది.

అక్క: క్యూఆర్?

తమ్ముడు: దానికి వేరే క్లాస్. రెండూ లోపల పెట్టుకుంటాయి. పద, అమీర్‌పేట వచ్చింది.