కంప్యూటర్ శంఖంలో పోస్తే తీర్థమేనా?

మనిషి మాట తీరు విని, ఫోన్ వాడే పద్ధతి చూసి, ఆస్పత్రి రికార్డులు తిరగేసి డిప్రెషన్‌ని కంప్యూటర్ ఇట్టే పసిగట్టేస్తుందట. తొంభై శాతం కచ్చితంగా చెబుతుందట. ఇలాంటి వార్త ఎక్కడో ఒకచోట కనబడుతూనే ఉంటుంది, మేమూ వేశాం, దాచుకోవడం దేనికి. వేసేటప్పుడు అడగాల్సిన ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. ఫలానా మనిషికి డిప్రెషన్ ఉంది, ఫలానా మనిషికి లేదు అని ఆ కంప్యూటర్‌కి ముందుగా చెప్పిందెవరు, వాళ్ళకెలా తెలిసింది?

ముందు ఆ తొంభై శాతం సంగతి చూద్దాం. వందమందిలో పదిమందికి జబ్బు ఉందనుకోండి. ఎవరినీ చూడకుండా, ఏమీ వినకుండా "ఎవరికీ ఏమీ లేదు, పొండి" అనే మొద్దు మెషీన్ కూడా తొంభై మంది విషయంలో కరెక్టే. అంటే తొంభై శాతం వచ్చేసినట్టే. జబ్బున్న పదిమందిలో ఒక్కరినీ పట్టుకోలేదు, అది వేరే సంగతి.

ఇక ఆ ముందుగా చెప్పే వ్యవహారం. రక్తంలో చక్కెరకి పరీక్ష ఉంది, విరిగిన ఎముకకి ఎక్స్‌రే ఉంది, కుంగుబాటుకి అలాంటిదేమీ లేదు. డాక్టరు మాట్లాడి తేలుస్తారు, లేకపోతే ఒక ప్రశ్నావళి నింపిస్తారు. మానసిక జబ్బుల్ని ఎలా గుర్తించాలో చెప్పే పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 కోసం అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఒకే పేషెంటుని ఇద్దరు డాక్టర్లకి విడివిడిగా చూపించి, ఇద్దరూ ఒకే మాట చెబుతారా లేదా అని పరీక్షించింది. పూర్తిగా కలిస్తే 1, కేవలం అదృష్టం కొద్దీ కలిసినంత మాత్రమే కలిస్తే 0 అనే కొలత మీద పెద్దవాళ్ళలో మేజర్ డిప్రెషన్‌కి వచ్చింది 0.28. పెద్ద ఆఘాతం తర్వాత వెంటాడే పీటీఎస్డీ అనే జబ్బుకి 0.67 వచ్చింది కాబట్టి డాక్టర్లకి చేతకాదని తీసిపారేయడానికి లేదు, డిప్రెషన్ అనేదే అంత జారుడు మనిషిలా దొరక్కుండా తిరుగుతుంది. ఇద్దరు అనుభవజ్ఞులు ఒప్పుకోని చోట ఒకరి మాట పట్టుకొచ్చి ఇదే నిజం అని నేర్పితే, కంప్యూటర్ నేర్చుకునేది జబ్బుని కాదు, ఆ ఒకరి అభిప్రాయాన్ని. శంఖంలో పోస్తేనే తీర్థం అన్నట్టు, అదే అనుమానపు మాట కంప్యూటర్లోంచి రెండు దశాంశాలతో బయటికొస్తే అందరం కళ్ళకద్దుకుంటున్నాం.

చాలా పరిశోధనలు డాక్టరు దాకా కూడా వెళ్ళవు, ఫారం దగ్గరే ఆగిపోతాయి. పీహెచ్‌క్యూ-9 అని 2001లో వచ్చిన ఫారం ఉంది. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఇలా ఎంత తరచుగా అనిపించింది అని ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. పదీ ఆపైన వస్తే డిప్రెషన్ ఉండొచ్చని లెక్క. మంచి ఫారమే, డాక్టరు దగ్గరికి ఎవరిని ముందు పంపాలో తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ కీమోథెరపీ తీసుకుంటున్న మనిషికి అదే ఫారం ఇచ్చి చూడండి. నిద్ర సరిగా పట్టదు, 3. రోజూ నీరసమే, 3. ఆకలి చచ్చిపోయింది, 3. ఏది చదివినా బుర్రకెక్కడం లేదని ఇంకొకటి కలిపితే 10. మనసు రాయిలా గట్టిగా ఉన్నా సరే, ఒంట్లో జబ్బే మార్కులన్నీ వేసేసింది. ఎదురుగా కూర్చున్న డాక్టరైతే నాలుగు మాటల్లో తేడా కనిపెడతారు, చివరి స్కోరు ఒక్కటే అందుకున్న మోడల్‌కి, అంటే ఆ లెక్కలు నేర్చుకున్న కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి, ఆ దారి లేదు.

మమ్మల్ని ఇంతకన్నా భయపెట్టేది ఖాళీ గడి. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునని గానీ తనను తాను గాయపరచుకోవాలని గానీ అనిపించిందా అని అడుగుతుంది. పెన్ను అక్కడ ఆగుతుంది. పక్కన భర్తో అమ్మో కూర్చుని తొంగి చూస్తుంటే ఎవరు రాస్తారు? వదిలేస్తారు. ఆ ఫారాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఖాళీ ఉన్నచోట 0 వేసే ఏర్పాటు ఉందంటే, నోరు విప్పలేకపోయిన మనిషి, అలాంటి ఆలోచన ఒక్కరోజు కూడా రాలేదన్నవాళ్ళ వరసలో చేరిపోతారు. ఒక్క లైను కోడు చాలు ఆ పనికి. అది రాసినవాళ్ళకి తొమ్మిదో ప్రశ్న ఏమిటో కూడా తెలిసి ఉండకపోవచ్చు.

యాప్‌ల దగ్గరికొస్తే ఫారమే మాయమవుతుంది. 93 మానసిక ఆరోగ్య యాప్‌ల వాడకాన్ని లెక్కవేసి 2019లో ప్రచురించారు, ముప్ఫయ్యో రోజున యాప్ తెరుస్తున్నవాళ్ళు మధ్యస్థంగా 3.3 శాతం. మిగతావాళ్ళేమయ్యారు? కొందరికి బాగైపోయి మానేసి ఉంటారు, కొందరికి విసుగొచ్చి ఉంటుంది, కొందరికి మంచం మీంచి లేవడమే గగనమైపోయి ఫోన్ పక్కన పడేసి ఉంటారు. ఈ మూడు రకాల వాళ్ళూ డేటాలో ఒకేలా ఉంటారు, అంటే అసలు ఉండరు. పరిశోధన పత్రంలో "పూర్తి సమాచారం లేనివారిని మినహాయించాం" అని ఓ మూల ఒక వాక్యం ఉంటుంది చూడండి, మనం ఎవరి గురించి టెన్షన్ పడాలో ఆ మనుషులు ఆ వాక్యంలో ఉండొచ్చు.

ఆస్పత్రి రికార్డులు నయం అనుకుంటే అదీ అంతంతమాత్రమే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో 23 వేలకు పైగా నోట్స్ పరిశీలించి 2017లో ప్రచురించిన లెక్కలో, స్వయంగా టైపు చేసింది 18 శాతం. 46 శాతం పాత నోట్స్‌లోంచి కాపీ చేసింది, మిగతా 36 శాతం సిస్టమ్‌లో వేరేచోట ఉన్నదాన్ని లాక్కొచ్చి పెట్టింది. అవి మామూలు వార్డు నోట్స్, సైకియాట్రీవి కావు, అయినా అలవాటు అర్థమవుతోంది కదా. ఎప్పుడో ఎవరో "ఆందోళన ఎక్కువ" అని రాసిన ముక్క నలభైసార్లు అతికితే కంప్యూటర్‌కి అవి నలభై సాక్ష్యాలు. ఆ మనిషి తర్వాత ఛాతీనొప్పి అంటూ వస్తే ఏ కళ్ళతో చూస్తారో వేరే చెప్పాలా.

పోనీ ఫారాలూ వద్దు, నోట్స్ వద్దు, మనిషి మాటే వింటే? డెయిక్-వోజ్ అని ఈ రంగంలో బాగా వాడే ఇంటర్వ్యూల సెట్ ఉంది, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారైంది. తెరమీద ఎల్లీ అనే బొమ్మ ప్రశ్నలడుగుతుంది, పక్క గదిలోంచి మనుషులు దాన్ని నడిపిస్తారు. మొత్తం 189 ఇంటర్వ్యూలు, డిప్రెషన్ ఉందా లేదా అన్నది మళ్ళీ ఫారం స్కోరుతోనే తేల్చారు. వాటిమీద మోడళ్ళు మంచి మార్కులు తెచ్చుకుంటూ వచ్చాయి. 2024లో కొందరు పరిశోధకులకి అనుమానమొచ్చి, జవాబు చెప్పేవాళ్ళ మాటలన్నీ తీసేసి ఎల్లీ అడిగిన ప్రశ్నలు మాత్రమే మోడల్‌కి ఇచ్చి చూశారు. అది అప్పుడూ బాగానే చెప్పింది! గతంలో మానసిక సమస్యలున్నాయా అని తవ్వి అడిగే ప్రశ్నలు ఎవరికి ఎన్ని పడ్డాయో చూసి ఊహించేస్తోంది. ఎదుటి మనిషి నోరు తెరవకపోయినా ఫరవాలేదన్నమాట. అదే ఏడాది సైన్స్ పత్రికలో ఇంకొకటి వచ్చింది, స్కిజోఫ్రీనియా పేషెంట్లలో మందు ఎవరికి పనిచేస్తుందో చెప్పే మోడళ్ళు తాము నేర్చుకున్న ట్రయల్లో బ్రహ్మాండంగా చెప్పి, కొత్త ట్రయల్లోకి వెళ్ళేసరికి బొమ్మా బొరుసా వేసినట్టే తేలాయని.

ఈ తప్పులు బయటపెట్టింది కూడా పరిశోధకులే, అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. కానీ ముందే ఎందుకు జాగ్రత్తపడరు అంటే, జాగ్రత్తకి మార్కులు లేవు. 2021లో గూగుల్ పరిశోధకులు వేర్వేరు దేశాల్లో ఏఐ మీద పనిచేస్తున్న 53 మందితో మాట్లాడితే 92 శాతం మంది అనుభవంలో డేటా లోపం ఒక్కసారైనా కిందికి పాకి పని మొత్తాన్ని దెబ్బతీసింది. ఏడాదిపాటు ఫారాలు సరిచూసిన విద్యార్థికి పరిశోధన పత్రం రాదు, మోడల్ స్కోరుని రెండు పాయింట్లు పెంచిన పక్క సీటు విద్యార్థికి వస్తుంది. మరి ఎవరు కూర్చుని ఫారాలు చూస్తారు?

డబ్ల్యూహెచ్‌ఓ లెక్కన 2019లోనే 97 కోట్ల మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది, అందరికీ డాక్టర్లని ఎక్కణ్ణుంచి తెస్తారు, అసలు లేనిదానికన్నా ఇది నయం కదా అని వాదించేవాళ్ళున్నారు. డాక్టర్లు చాలరన్నది నిజం. కానీ నీకేం లేదని మెషీన్ చెప్పి పంపించేసిన మనిషి మళ్ళీ తలుపు తట్టడు, అది నయమెలా అవుతుంది?

ఇంకో మాట, దొంగతనం గురించి. ఫిన్లండ్‌లో వస్టామో అనే సైకోథెరపీ సంస్థ రికార్డులు చోరీ అయి, 2020లో పేషెంట్లకే నేరుగా మెయిళ్ళు వచ్చాయి, డబ్బు కట్టు, లేదా నువ్వు థెరపిస్టుకి చెప్పుకున్నదంతా బయటపెడతాం అని. దాదాపు 33 వేల మంది బాధితులు. ఇలాంటిది ఒకటి చెవిన పడ్డాక ఎవరైనా ఫారంలో ఉన్నదున్నట్టు రాస్తారా? భద్రతకి ఒక కమిటీ, డేటా నాణ్యతకి ఇంకో కమిటీ అని విడదీసి కూర్చోబెట్టే సంస్థలు ఈ రెండూ ఒకే పని అని గుర్తించాలి.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. జబ్బు ఉందని ఎవరు తేల్చారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఖాళీ గడిలో ఏం వేశారు, ఈ మూడూ అనుబంధంలో కాదు, పత్రం మొదటి పేజీలో ఉండాలి. వేరే ఆస్పత్రి పేషెంట్ల మీద పరీక్షించనిదాన్ని పరిశోధన పత్రికలు అచ్చు వేయకూడదు. గ్రాంట్లలో డేటా సరిచూసేవాళ్ళ జీతం విడిగా రాయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా పేషెంటుకి తన ఫైలు చూపించాలి, తప్పుంటే దిద్దమని అడిగే దారి ఉండాలి. నలభైసార్లు అతికిన ఆ ముక్క తనది కాదని చెప్పడానికి ఆ మనిషికి ఐదు నిమిషాలు చాలు.

మా వంతు కూడా ఉంది. ఇకమీదట ఇలాంటి వార్త మా డెస్కుకి వచ్చినప్పుడు తొంభై శాతం గురించి తర్వాత, ముందు ఎంతమంది ఫారం మధ్యలో వదిలేశారో అడుగుతాం. జవాబు వచ్చేదాకా వార్త ఆగుతుంది.