ఫ్లెమింగోలు సైబీరియా నుంచి రావు, నేలపట్టులో గుడ్లు పెట్టవు

చలికాలం వచ్చిందంటే చాలు, ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు నలుగురు బంధువులు పంపారు. అందులో ఉన్నది ఇది: ‘ఫ్లెమింగోలు ఏటా సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి పులికాట్ సరస్సుకు వస్తాయి. నేలపట్టు చెట్ల మీద గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుకుని, వేసవిలో వెళ్లిపోతాయి. అక్కడ కనిపించేవన్నీ విదేశీ అతిథులే. గట్టిగా చప్పట్లు కొట్టండి, గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది, చూసి తీరాలి.’ పులికాట్ ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులోని ఉప్పునీటి సరస్సు, నేలపట్టు దానికి దగ్గరలోని పక్షుల సంరక్షణ కేంద్రం. పంపినవారికి పక్షులంటే ఇష్టమే, సందేహం లేదు. అయినా ఇందులో ఏ మాటనూ అలాగే వదిలేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ముందు సైబీరియా సంగతి. ఫ్లెమింగో ఉప్పు నీటి పక్షి. లోతులేని నీటిలో ముక్కును తలకిందులుగా ముంచి, నాచునూ చిన్న రొయ్యల వంటి జీవులనూ వడగట్టుకుని తింటుంది. మన దేశంలో ఇవి పెద్ద ఎత్తున గుడ్లు పొదిగే చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. మంచి వానలు పడి ఆ ఉప్పు ఎడారిలో నీరు నిలిచిన ఏళ్లలో అక్కడ లక్షల పక్షులు చేరతాయి. 1945లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ వెళ్లి చూసి, సుమారు 5 లక్షలు ఉంటాయని అంచనా వేశారు. ఇరాన్‌లో గుర్తు కోసం కాలికి ఉంగరం తొడిగిన ఫ్లెమింగోలు కూడా భారతదేశంలో దొరికాయి. అంటే పడమటి నుంచి వచ్చేవీ ఉన్నాయి. సైబీరియా మాత్రం వీటి పుట్టిల్లు కాదు.

ఇక గుడ్లు. ఫ్లెమింగో చెట్టు మీద గూడు కట్టదు. బురదను ముక్కుతో పోగుచేసి, చిన్న దిబ్బలా పేర్చి, దాని మీద ఒకే గుడ్డు పెడుతుంది. నేలపట్టు చెరువులో ఉన్నవేమో నీటిలో మునిగి నిలిచే కడప చెట్లు. ఆ కొమ్మల మీద ఫ్లెమింగో గూడును ఊహించుకోవడమే కష్టం. సందేశంతో పాటు వచ్చిన ఫొటోలో బూడిద రంగు పిల్ల ఉంది కదా అంటారు. ఆ రంగు నిజమే. పిల్లలకు గులాబీ రంగు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది, అదీ తిండి వల్ల వచ్చే రంగు. ఆ పిల్ల ఎక్కడో పుట్టి, రెక్కలు వచ్చాక ఎగిరి వచ్చింది.

మరి నేలపట్టులో పుట్టేవి ఎవరు? నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ ‘విదేశీ అతిథులు’ అన్న మాటే. అక్కడ గూళ్లు కట్టేవి గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. ఈశాన్య రుతుపవనాల వానతో చెరువు నిండగానే పని మొదలుపెడతాయి. గూడబాతు తల్లి పులికాట్ దాకా, అంటే సుమారు 20 కిలోమీటర్లు వెళ్లి చేపలు పట్టుకొస్తుంది. పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి మెడ దాకా తల దూర్చేస్తుంది. తల్లి గొంతులో ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు పిల్ల ఒళ్లంతా ఊగిపోతుంది. ఒకసారి బైనాక్యులర్స్‌లో చూస్తే మరిచిపోలేరు. ఈ గూడబాతులు ప్రపంచంలో పిల్లలను పెంచేది భారతదేశం, శ్రీలంక, కంబోడియా వంటి కొద్ది దేశాల్లోనే. ఇవి అతిథులు కావు, ఈ ఊరివి. చెరువు ఎండితే, కడప చెట్లు పోతే, తిరిగి వెళ్లడానికి వీటికి వేరే దేశం లేదు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, అనంతపురం వైపు వీరాపురంలోనూ గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను కూడా ‘సైబీరియా కొంగలు’ అనే పిలుస్తున్నారు. అవీ దక్షిణాసియా పక్షులే. అసలు సైబీరియా కొంగ వేరు. తెల్లని ఒళ్లు, ఎర్రని ముఖం ఉన్న ఆ పక్షి మన దేశంలో చివరిగా 2002లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కనిపించింది.

పులికాట్‌కు సైబీరియా నుంచి ఎవరూ రారా అంటే, వస్తారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఆగి, ఫ్లెమింగోల మీద నుంచి చూపు మళ్లించి, ఇవతలి బురద అంచును చూడండి. పిచ్చుకంత ఉల్లంకి పిట్టలు కుట్టుమిషన్ సూదిలా ముక్కు ఆడిస్తూ పరుగెడుతుంటాయి. వాటిలో లిటిల్ స్టింట్ అనేది పాతిక ముప్పై గ్రాములు ఉంటుంది. సైబీరియా ఉత్తరాన ఆర్కిటిక్ తీరంలోని టండ్రాలో, అంటే చెట్లు మొలవని చలి మైదానాల్లో పుట్టి, అంత దూరం నుంచి వచ్చేది అదే. సూదితోక బాతులూ సైబీరియా వైపు నుంచే వస్తాయి. వీటి ఫొటోను నాకు ఇంతవరకు ఎవరూ పంపలేదు.

చివరిది చప్పట్లు. ఆ దృశ్యం అందంగా ఉంటుందన్న మాట కాదనను. కానీ ఆ ఉల్లంకి పిట్టకు ఇక్కడి ప్రతి గంటా మేత గంటే. వసంతంలో తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు ఈ బురదలోనే పోగుచేసుకోవాలి. లేచిన ప్రతిసారీ అందులో కొంత కరిగిపోతుంది. కిందటి జనవరిలో నా పక్కనే ఒక కుటుంబం కారు దిగి చప్పట్లు కొట్టింది. ఉల్లంకులు, ఫ్లెమింగోలు అన్నీ లేచి సరస్సు మధ్యకు వెళ్లిపోయాయి. వలలు భుజాన వేసుకుని వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి, ‘కూర్చోండి బాబూ, అరగంట ఓపిక పడితే అవే దగ్గరికి వస్తాయి’ అన్నాడు. వారు కూర్చున్నారు. నలభై నిమిషాలకు మొదటి ఉల్లంకి మళ్లీ అంచుకు వచ్చింది. చప్పట్లు కొట్టిన పిల్లవాడే ముందు చూశాడు, ఈసారి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని.