పెళ్లై వెళ్లిన మనిషికి భాషా పరీక్ష ఎప్పుడు పెట్టాలి?

గుంటూరు జిల్లాలోని ఓ పల్లె నుంచి లండన్‌లో ఉన్న భర్త దగ్గరికి ఒక అమ్మాయి బయల్దేరిందనుకుందాం. తెలుగు మీడియంలో పది పాసై, అక్కడితో చదువు ఆపేసింది. భర్త బ్రిటిష్ పౌరుడు. స్పౌస్ వీసాకి పెళ్లి సర్టిఫికెట్టు, భర్త జీతం కాగితాలు, టీబీ టెస్ట్ రిపోర్టు ఉంటే సరిపోదు. ఏ1 స్థాయి ఇంగ్లిష్ మాట్లాడగలనని గుర్తింపు ఉన్న పరీక్ష రాసి చూపించాలి. యూరప్ భాషా కొలమానంలో ఏ1 అన్నిటికంటే కింది మెట్టు, ఆపైన వరసగా ఏ2, బీ1, బీ2. ఆ వీసా రెండేళ్ల తొమ్మిది నెలలు. పొడిగించుకునేటప్పుడు ఏ2. ఐదేళ్లు నిండాక శాశ్వత నివాసానికి, అంటే మనవాళ్లు ఐఎల్‌ఆర్ అనేదానికి, బీ1తో పాటు బ్రిటన్ చరిత్ర, జీవన విధానం మీద పెట్టే లైఫ్ ఇన్ ది యూకే టెస్ట్ కూడా పాసవ్వాలి. పౌరసత్వానికి అడిగేదీ ఆ రెండే. ఐఎల్‌ఆర్‌కి చూపిన బీ1 సర్టిఫికెట్టు రెండేళ్ల గడువు దాటిపోయినా పౌరసత్వానికి పనికొస్తుంది.

అదే ఊరి నుంచి ఇంకో అమ్మాయి వెళ్తోంది. ఈమె బీటెక్. చదువంతా ఇంగ్లిష్‌లోనే సాగిందని కాలేజీ ఇచ్చే ఎంఓఐ లెటరు, ఆ డిగ్రీ బ్రిటన్ డిగ్రీకి సమానమని, విదేశీ చదువుల్ని అక్కడి చదువులతో పోల్చి చెప్పే ఎక్టిస్ సంస్థ ఇచ్చే కాగితం ఉంటే చాలు, ఏ పరీక్షా అక్కర్లేదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పుస్తకాలూ పరీక్షలూ ఇంగ్లిష్‌లో ఉన్నా పాఠం విడమరిచి చెప్పేది చాలాచోట్ల తెలుగులోనేనని చదివినవాళ్లందరికీ తెలుసు. నాలుగేళ్ల చదువు తర్వాత కూడా ఇంగ్లిష్‌లో నోరు తెరవడానికి జంకే పిల్లలు ఎంతమందో. మరోవైపు, పదితో చదువాపిన అమ్మాయి లండన్‌లో ఏడాదిపాటు దుకాణం కౌంటర్ దగ్గర నిలబడితే ఈమెకంటే ధారాళంగా మాట్లాడవచ్చు. అయినా పరీక్ష ఫీజు కట్టాల్సింది ఆమే, వీసా పోతుందేమోనని భయపడాల్సిందీ ఆమే. భాష పేరుతో ఈ నిబంధన కొలుస్తున్నది చాలావరకు చదువుని, చదివించగలిగిన పుట్టింటి స్తోమతని.

దేశాల జాబితా దగ్గరా ఇదే తంతు. ఇంగ్లిష్ మాట్లాడే జనమే ఎక్కువని బ్రిటన్ గుర్తించిన దేశాల పౌరులకు పరీక్ష లేదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జమైకా, మాల్టా ఆ జాబితాలో ఉన్నాయి. భారత్ లేదు. నైజీరియా కూడా లేదు. సుప్రీంకోర్టు తీర్పులు ఇంగ్లిష్‌లో వెలువడే దేశం నుంచి వెళ్లిన లాయరైనా సరే, తన డిగ్రీ ఇంగ్లిష్‌లో చేసిందేనని కాగితంతో నిరూపించుకోవలసిందే.

పెళ్లితో వచ్చే పౌరసత్వానికి భాషని ముడిపెట్టడం బ్రిటన్‌లో పాత ఆచారమేమీ కాదు. 1948 చట్టం ప్రకారం బ్రిటిష్ పురుషుణ్ణి పెళ్లాడిన విదేశీ మహిళ నమోదు చేసుకుంటే పౌరురాలయ్యేది. అదే బ్రిటిష్ మహిళని పెళ్లాడిన విదేశీ భర్తకి ఆ హక్కు లేదు. 1981 చట్టం ఆ తేడాని తీసేసింది. ఐదేళ్ల నివాసంతో పౌరసత్వం అడిగేవారికి ఇంగ్లిష్, వెల్ష్, స్కాటిష్ గేలిక్‌లలో ఏదో ఒకటి రావాలన్న షరతు పెట్టింది కానీ, మూడేళ్ల నివాసంతో అడిగే జీవిత భాగస్వాములకి ఆ షరతు లేకుండా వదిలేసింది. ఇందులో నాకు లోకజ్ఞానం కనిపిస్తుంది. పెళ్లి చేసుకుని వచ్చిన మనిషి ఉద్యోగం కోసమో చదువు కోసమో దేశాన్ని ఎంచుకున్న మనిషిలాంటిది కాదు. ఎంచుకున్నది మనిషిని, ఆ మనిషి ఉన్నచోటికి వచ్చింది. భాష ఆ ఇంట్లో, ఆ వీధిలో, పిల్లల బడి గేటు దగ్గర నెమ్మదిగా ఒంటబడుతుంది.

2001 వేసవిలో ఓల్డ్‌హామ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్‌లలో అల్లర్లు జరిగాక గాలి మారింది. దక్షిణాసియా కుటుంబాలు విడిగా బతుకుతున్నాయని, భాష రాకపోవడం అందుకో కారణమని చర్చ నడిచింది. అప్పటి హోంమంత్రి డేవిడ్ బ్లంకెట్ హయాంలో వచ్చిన 2002 చట్టం భాగస్వాములకున్న మినహాయింపుని తీసేసింది. 2005 నవంబరులో లైఫ్ ఇన్ ది యూకే టెస్ట్ మొదలైంది: ఇరవై నాలుగు ప్రశ్నలు, నలభై ఐదు నిమిషాలు, పద్దెనిమిది సరైతే పాస్. 2010 నవంబరు నుంచి అసలు దేశంలో అడుగు పెట్టకముందే ఏ1 చూపించాలన్నారు. 2012లో భాగస్వాముల ఐఎల్‌ఆర్‌కి పట్టే కాలాన్ని రెండేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారు. ఈ చివరి మార్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ, పౌరసత్వ చట్టంలో భాగస్వాములకి ఇచ్చిన ‘మూడేళ్ల’ వెసులుబాటుని అది చాలామంది విషయంలో కాగితానికే పరిమితం చేసింది. ఐఎల్‌ఆర్ లేనిదే పౌరసత్వం అడగలేరు, అది రావడానికే ఐదేళ్లు. ఇక మిగిలిన లాభమల్లా ఐఎల్‌ఆర్ తర్వాత మరో ఏడాది ఆగక్కర్లేకపోవడమే.

2010 నిబంధనని కోర్టుకి తీసుకెళ్లినవారిలో లెస్టర్‌లో ఉండే ఒక మహిళ ఉన్నారు. ఆమె భర్త గుజరాత్‌లో ఉంటున్నారు. పెళ్లై మూడున్నర దశాబ్దాలు దాటింది, ఆరుగురు పిల్లలు. ఆ వయసులో ఆయన ఇంగ్లిష్ నేర్చుకుని పరీక్ష పాసైతే తప్ప భార్య దగ్గరికి రాకూడదన్నది నిబంధన. 2011లో హైకోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. మరో ఇద్దరు మహిళలు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015 నవంబరు తీర్పు నిబంధనని కొట్టేయలేదు. అయితే నేర్చుకునే తరగతీ రాసే సెంటరూ అందుబాటులో లేనివాళ్లకి మినహాయింపు ఇవ్వడంలో ప్రభుత్వ మార్గదర్శకాలు మరీ బిగుతుగా ఉన్నాయని, కొన్ని కేసుల్లో అవి కుటుంబ జీవన హక్కుకి భంగం కలిగిస్తాయని చెప్పింది. నా దృష్టిలో ఆ తీర్పు సగం దూరమే నడిచింది.

భాష అడగాలనేవాళ్ల వాదనలో బలమైన భాగాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఇంగ్లిష్ రాని భార్య భర్త మీద పూర్తిగా ఆధారపడుతుంది. జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరు దగ్గర తన నొప్పి తాను చెప్పుకోలేదు. ఇంట్లో కొడుతుంటే అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి చిరునామా చెప్పలేదు. పిల్లల టీచరుతో మాట్లాడాలంటే ఆ పిల్లలే అనువాదకులవ్వాలి. ఇలాంటి ఇళ్లు మన తెలుగు కుటుంబాల్లోనూ ఉన్నాయి. భాష ఆమెకి రక్షణ. అది ఆమెకి దక్కాలి.

కానీ ఆ రక్షణ కోరుకునే ప్రభుత్వం చేయాల్సింది తరగతులు పెట్టడం. ఇంగ్లండ్‌లో జరిగింది తలకిందులు. 2010 తర్వాత ఆరేళ్లలో వలసవచ్చినవారికి ఇంగ్లిష్ నేర్పే ఈసోల్ తరగతుల నిధుల్ని సగానికి పైగా కోసేశారు. 2016 జనవరిలో ప్రధాని కామెరన్ ముస్లిం మహిళలకి ఇంగ్లిష్ నేర్పడానికి రెండు కోట్ల పౌండ్లు ప్రకటిస్తూ, రెండున్నరేళ్లలో మెరుగుపడనివాళ్లు దేశం వదలాల్సి రావచ్చని కూడా చెప్పారు. భర్త చేతిలో నలిగే స్త్రీ గురించి మాట్లాడుతూనే, ఆమె వీసాని భర్త కట్టే పరీక్ష ఫీజుకి, క్లాసుకి వెళ్లడానికి భర్త ఇచ్చే అనుమతికి ముడివేయడం ఆమెకి ఏ విధంగా మేలు? హింస నుంచి బయటపడిన భార్యకి ఐఎల్‌ఆర్ దగ్గర భాషా పరీక్ష లేదు. ఇది మంచి నిబంధన. చట్టానికి ఆ ఇంటి సంగతి తెలుసని దీన్నిబట్టే అర్థమవుతుంది. కానీ హింస రుజువయ్యేదాకా, అదే ఇంట్లో ఉన్న స్త్రీని మాత్రం అందరితో పాటే పరీక్షకి కూర్చోబెడుతోంది.

అందుకే నా అభిప్రాయం ఇది. పౌరసత్వం దగ్గర మాట్లాడటం, వినడం వరకే పరిమితమైన బీ1 అడగడం అన్యాయం కాదు. ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ పరీక్షలో ఇద్దరు అభ్యర్థుల్ని ఎగ్జామినర్ ఎదుట కూర్చోబెట్టి ఒకరితో ఒకరిని మాట్లాడిస్తారు, బీ1కి ఇరవై రెండు నిమిషాలు. నాలుగైదేళ్లు ఆ దేశంలో తిరిగిన మనిషికి, నేర్పే తరగతి దగ్గర్లో ఉంటే, అది దాటరాని గోడ కాదు. అరవై ఐదు దాటినవారికి మినహాయింపు ఉంది, దాన్ని యాభై ఐదుకి దించాలి. దేశంలోకి రాకముందు పెట్టే ఏ1 పరీక్షకి మాత్రం నాకు ఒక్క సమర్థనా కనిపించదు. ఇంగ్లిష్ నేర్చుకోవడానికి అన్నిటికంటే అనువైన చోటు ఇంగ్లండ్. అక్కడికి రానివ్వడానికే ఇంగ్లిష్ అడుగుతున్నారు.

మన దేశం సంగతీ ఒకసారి చూడాలి. భారత పౌరుల జీవిత భాగస్వాములు ఏడేళ్లు ఇక్కడ నివసిస్తే 1955 చట్టం సెక్షన్ 5 కింద పౌరసత్వానికి నమోదు కోరవచ్చు. అందులో భాషా షరతు లేదు. న్యాచురలైజేషన్, అంటే దీర్ఘకాల నివాసం ఆధారంగా పౌరసత్వం కోరే దారిలో వచ్చేవారికి మాత్రం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భాష తగినంత రావాలి. హిందీయే కానక్కర్లేదు, తెలుగైనా సరిపోతుంది. 2024 మార్చిలో పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ) కోసం వచ్చిన నిబంధనలు ఆ ‘తగినంత’కి అర్థం చెప్పాయి: మాట్లాడటం, చదవడం, రాయడంలో ఏ ఒక్కటి వచ్చినా చాలు. మన పౌరసత్వ చట్టం మీద నాకు వేరే అభ్యంతరాలు చాలానే ఉన్నాయి. పెళ్లిని భాష నుంచి వేరుగా ఉంచిన విషయంలో మాత్రం అది బ్రిటన్ చట్టంకంటే మానవీయంగా ఉంది.

బ్రిటన్ వెళ్తున్న దారి వేరు. 2025 మే నెలలో వచ్చిన వలస విధాన శ్వేతపత్రం చాలా రకాల వీసాల్లో ఐఎల్‌ఆర్‌కి భాషా స్థాయిని బీ1 నుంచి బీ2కి పెంచుతామంది. ఉద్యోగుల వెంట డిపెండెంట్లుగా వచ్చే భార్యాభర్తలు కూడా వచ్చేటప్పుడు ఏ1, పొడిగింపుకి ఏ2 చూపించాలంది. బీ2 అంటే ఇంగ్లండ్ పిల్లలు ఫ్రెంచినో జర్మన్‌నో ‘ఏ-లెవెల్’ (మన ఇంటర్‌లాంటి చదువు) దాకా చదివితే వచ్చే స్థాయికి అటూఇటూగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వెళ్లిన భర్తతో రెడింగ్‌లోనో స్లౌలోనో కాపురం పెట్టి, పసిపిల్లతో ఇంట్లో ఉండే తెలుగు తల్లికి ఆ స్థాయి ఎవరు నేర్పుతారు, ఏ గంటలో నేర్పుతారు, ఆ గంటసేపు బిడ్డని ఎవరు చూస్తారు?