పది రూపాయల స్టాంపు, జవాబు లేని కాగితం

మా వీధి సీసీ రోడ్డు వేసిన ఏడాదికే కంకర తేలింది. ఎంత ఖర్చు పెట్టారు, కొలతలు ఎవరు రాశారు, బిల్లు మీద ఎవరు సంతకం చేశారు అని 2023లో పది రూపాయల స్టాంపు అంటించి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వలేదు. అడగడానికి వెళ్తే "సెక్షన్ సార్ లీవులో ఉన్నారు, సోమవారం రండి" అన్నారు. ఎన్ని సోమవారాలు తిరిగానో!

అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేశాను. దాన్ని 45 రోజులు దాటనివ్వకూడదు. దాటింది, ఒక్క ముక్క రాలేదు. ఇక మిగిలింది రాష్ట్ర సమాచార కమిషన్. తెలంగాణలో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా ఆ కమిషన్‌లో కమిషనర్లే లేరు. నా అప్పీలు ఎవరు వినాలి?

జవాబివ్వని అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేయొచ్చని 2005 చట్టంలోనే ఉంది. వేయాల్సిన కుర్చీలే ఖాళీగా ఉంచితే భయం ఎవరికి? నేను ఇంటిపన్ను ఒక్క నెల ఆలస్యం చేస్తే వడ్డీ కలిపి వసూలు చేస్తారు కదా.

ఎమ్మెల్యేనైతే ఐదేళ్లకోసారైనా ఓటుతో అడగగలం. ఆ బిల్లు మీద సంతకం పెట్టినాయన బదిలీ అయి వెళ్లిపోయాడు. మా అమ్మ నిన్న కూడా ఆ కంకర మీదే జారింది.